ఐదు పెట్టెలు, ఒక ఫొటో

కొత్తపేట నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల నా ముందున్నది. ఆమె భర్తకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల సందులో చిన్న జిరాక్స్ దుకాణం. కుమారుడు డిగ్రీ చదువుతున్నాడు, కుమార్తె ఇంటర్ రెండవ సంవత్సరం. ఈద్‌కు ముందు ఇల్లు సర్దుతుండగా కుమార్తె అల్మారాలో దుప్పట్ల వెనుక ఐదు అట్టపెట్టెలు కనిపించాయట. ఐదింటిలోనూ ఒకే కొరియా పాటల బృందపు ఒకే ఆల్బమ్. “బాజీ, ఒకే పుస్తకం ఐదు ప్రతులు ఎవరైనా కొంటారా? అడిగితే, నాకు కావలసిన ఫొటో ఇంకా రాలేదు అమ్మీ అంటున్నది” అని ఆ తల్లి వ్రాశారు.

ఒక్కొక్క పెట్టె ఖరీదు రెండు వేలకు అటూ ఇటూ. మొత్తం పది వేలు. అందులో నాలుగు వేలు రెండేళ్ళుగా బంధువులు ఇచ్చిన ఈదీ. మిగిలిన ఆరు వేలు అన్నగారి ఫోనులో ‘ఇప్పుడు కొనండి, తరువాత చెల్లించండి’ అనే యాప్ ద్వారా తీసుకున్న అప్పు. చెల్లెలి రహస్యం దాచిపెట్టిన అన్నగారికి కూడా ఒక కోరిక ఉన్నది: హయత్‌నగర్ దాటి రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగే పెద్ద సంగీత కచేరీకి స్నేహితులతో వెళ్ళడం. “కాదంటే దాచుకుని కొంటారు. ఔనంటే దుకాణం అద్దె ఎక్కడి నుండి తేవాలి?” అన్నది ఉత్తరంలోని చివరి వాక్యం.

సంగీతం విషయంలో ఉలమాల అభిప్రాయభేదాలు మన పాఠకులకు తెలిసినవే. ఆ చర్చకు పత్రికలో వేరే పుటలు ఉన్నాయి. ఈ శీర్షిక ఇంటి లెక్కలది. ఆ సోదరి అడిగినది కూడా లెక్క గురించే కనుక అక్కడికే పరిమితమవుతాను.

ముందుగా ఆ ఐదు పెట్టెల సంగతి. మన తరానికి ఆల్బమ్ అంటే ఒక క్యాసెట్టు, దాని మీద ఒక కాగితం. కొరియా ఆల్బమ్ అలాంటిది కాదు. అందులో సీడీ ఉంటుంది, ఇంట్లో దానిని వేసే యంత్రం ఉండదు. ఒక దళసరి ఫొటోల పుస్తకం, కొన్ని అతికించే బొమ్మలు, వీటన్నిటితో పాటు బృందంలోని ఎవరో ఒకరి ఫొటో ముద్రించిన చిన్న కార్డు ఉంటుంది. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది పెట్టె విప్పేదాకా తెలియదు. పైగా ఒకే ఆల్బమ్‌ను రెండు మూడు రకాల ముఖచిత్రాలతో విడుదల చేస్తారు. పాటలన్నీ ఫోనులో దాదాపు ఉచితంగా వినవచ్చు. కాబట్టి పెట్టె కొనే పిల్ల పాట కోసం కొనడం లేదు, ఆ కార్డు కోసం కొంటున్నది.

ఇంటర్ రెండవ సంవత్సరం గణితంలో సంభావ్యత పాఠం ఉన్నది. ఆ అమ్మాయినే ఈ లెక్క చేయమనండి. బీటీఎస్ బృందంలో ఏడుగురు. ప్రతి పెట్టెలోనూ ఏడుగురిలో ఒకరి కార్డు సమాన అవకాశంతో ఉంటుందని అనుకుందాం. ఐదు పెట్టెలు విప్పిన తరువాత కూడా తనకు కావలసిన ఒక్కరి ఫొటో దొరకకపోయే అవకాశం నూటికి 46. పది పెట్టెలు విప్పినా నూటికి 21. ఇరవై వేలు ఖర్చు చేసిన ఐదుగురు పిల్లలలో ఒకరు అప్పటికీ ఉత్త చేతులతోనే ఉంటారన్నమాట. మనం చెప్పే మాట కంటే తాను స్వయంగా వేసిన లెక్క ఆ వయసులో ఎక్కువ పనిచేస్తుంది.

ఇస్లామీయ వ్యాపార ధర్మంలో ‘ఘరర్’ అనే మాట ఉన్నది. అమ్మే వస్తువు ఏమిటో, ఎంతో, చేతికి వస్తుందో రాదో తెలియని బేరానికి ఆ పేరు. నీటిలోని చేపను, గాలిలోని పక్షిని పట్టకముందే అమ్మడాన్ని ఫిఖ్‌హ్ గ్రంథాలు దీనికి ఉదాహరణగా చెబుతాయి. ఆల్బమ్ కొనడం ఘరర్ అవుతుందని నేను తీర్పు చెప్పడం లేదు. అది ముఫ్తీల పని, పైగా సీడీ, పుస్తకం ఎదురుగా కనబడే వస్తువులే. కాని మొదటి పెట్టెను ఆల్బమ్‌గా కొన్న పిల్ల రెండవ పెట్టె నుండి కొంటున్నది ఏమిటి? తెలియనితనాన్నే కదా! ధర కట్టి అమ్ముతున్న సరుకు అదే. వెనుకటి తరంలో లాటరీ టికెట్టు కొన్న మామలను ఇంటిల్లిపాదీ మందలించేవారు. ఈ పెట్టె మీద అందమైన ముఖాలు ఉండటం వలన అది లాటరీ అని మనకు తోచదు.

ఈ కొనుగోలు జరిగే తీరు కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. కొరియా నుండి ఒక్క పెట్టె తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి మోయలేనంత అవుతాయి. అందుకని ఇరవై ముప్పై మంది పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఒక గుంపుగా చేరి, ఒకరి ఖాతాకు డబ్బు పంపి, ఉమ్మడిగా తెప్పించుకుంటారు. దీనిని వారు ‘గ్రూప్ ఆర్డర్’ అంటారు. నిజాయితీగా నడిపే పిల్లలు చాలామంది ఉన్నారు. అమానత్ అంటే ఏమిటో పెద్దల కంటే వారే బాగా ఎరుగుదురేమో అనిపించిన సందర్భాలూ ఉన్నాయి. కాని ముఖం తెలియని వ్యక్తికి, రసీదు లేకుండా, రెండు మూడు నెలల ముందుగా డబ్బు పంపడమే ఆ పద్ధతి. ఆ వ్యక్తి మాయమైతే పిల్లలు ఇంట్లో చెప్పలేరు, ఎందుకంటే కొన్నదే దొంగచాటుగా. అలా జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదుకు ప్రభుత్వం పెట్టిన నంబరు అది. ఎంత త్వరగా చేస్తే సొమ్ము నిలిచిపోయే అవకాశం అంత ఎక్కువ. వస్తువు బాగాలేకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం వంటి మామూలు ఫిర్యాదులకు 1915 ఉన్నది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను కింద, చైతన్యపురి వైపు ఫుట్‌పాత్ మీద ఇవే బృందాల పేర్లతో చొక్కాలు రెండు మూడు వందలకు దొరుకుతాయి. అసలు కంపెనీ చొక్కా ధర దానికి పదింతలు. రెండింటి గుడ్డలో అంత తేడా ఉంటుందని నేను నమ్మను. తేడా అనుమతి ముద్రలో ఉన్నది. ప్రభుత్వం కూడా దీనిని వేరుగా చూస్తున్నది: 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయల లోపు దుస్తులపై జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఫుట్‌పాత్ చొక్కా వలన పేరు సొంతదారుకు పైసా ముట్టదు, అది న్యాయం కాదన్నది నిజమే. ఆ చొక్కా అమ్మేవారిలో మన పిల్లలే ఎక్కువ అన్నదీ నిజమే. ఏ బొమ్మా లేని మంచి నూలు చొక్కా కొనడమే నా సలహా. పదహారేళ్ళ పిల్లలకు ఈ సలహా రుచించదని కూడా తెలుసు.

ఇక ధరలు ఎందుకు ఇలా పెరిగాయి? పాత రోజులలో కళాకారులకు ఆదాయం రికార్డుల నుండి, క్యాసెట్ల నుండి వచ్చేది. కచేరీ ఆ క్యాసెట్టుకు ప్రచారం. ఇప్పుడు లెక్క తలకిందులైనది. నెలకు కొద్ది రూపాయలకు, ప్రకటనలు భరిస్తే ఉచితంగానే, ప్రపంచంలోని పాటలన్నీ ఫోనులో ఉన్నాయి. ఒక్కొక్క పాట వింటే కళాకారుడికి చేరేది పైసలలోనే. పాటతో డబ్బు రాదు కనుక నకలు చేయలేని వాటి మీద పడ్డారు. ఆ రాత్రి ఆ మైదానంలో ఉండటం, చేతితో పట్టుకోగల వస్తువు, వాటి ధరనే పెంచుతూ వచ్చారు. ప్రపంచంలోని మొదటి నూరు సంగీత యాత్రల సగటు టికెట్టు ధర 2019లో నూరు డాలర్ల లోపు ఉండేది. 2024 నాటికి అది సుమారు 136 డాలర్లకు చేరిందని ఆ వ్యాపారపు పత్రిక పోల్‌స్టార్ లెక్క కట్టింది. ఈ పెరుగుదల అంతా పాడేవారి జేబులోకే పోతుందని అనుకోకండి. టికెట్టు అమ్మే సంస్థ, మైదానం, నిర్వాహకులు, అందరికీ వాటా ఉన్నది. అమెరికాలో అనేక వేదికలు చొక్కాల అమ్మకంలో కూడా భాగం తీసుకుంటాయి. అక్కడ టికెట్ల వ్యాపారాన్ని, కచేరీల వ్యాపారాన్ని ఒకే సంస్థ గుప్పిట పెట్టుకున్నదని లైవ్ నేషన్, టికెట్‌మాస్టర్‌ల మీద ఆ దేశ న్యాయశాఖ 2024 మే నెలలో దావా వేసింది.

గిరాకీని చూసి అమ్మకం మధ్యలోనే ధర పెంచే పద్ధతి మరొకటి. 2024 ఆగస్టు చివర ఇంగ్లండులో ఒయాసిస్ అనే బృందం పునఃకలయిక కచేరీలకు గంటల తరబడి వరుసలో వేచినవారికి, 150 పౌండ్ల లోపు అనుకున్న టికెట్టు తమ వంతు వచ్చేసరికి 355 పౌండ్లుగా కనిపించింది. రంజాన్ ఇరవై ఏడవ రాత్రి ఆటోవాడు అడిగే ధరకు, దీనికి తేడా ఒక్కటే: ఆటోవాడితో బేరమాడవచ్చు.

మన దేశంలో అదే సంవత్సరం సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే బృందపు ముంబయి కచేరీల టికెట్లు అమ్మకానికి పెట్టినపుడు కోటీ ముప్పై లక్షల మంది ఒకేసారి వరుసలో నిలిచారు. అసలు ధరలు 2,500 నుండి 35,000 రూపాయల వరకు ఉన్నాయి. కొన్ని గంటలలోనే వేరే వెబ్‌సైట్లలో అవే టికెట్లు లక్షల రూపాయలకు కనిపించాయి. ముంబయి పోలీసులు టికెట్లు అమ్మిన సంస్థ అధికారులను పిలిపించి విచారించవలసి వచ్చింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షనులో, ముఠాగా చేరి అనధికారికంగా టికెట్లు అమ్మడాన్ని నేరాల జాబితాలో చేర్చారు. అయినా వెబ్‌సైటులో అమ్మేవాడు ఏ దేశంలో కూర్చున్నాడో ఎవరికి తెలుసు?

మన తూర్పు హైదరాబాదు వారికి ఇదంతా దూరపు సంగతి కాదు. 2025 ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ కచేరీ, అదే సంవత్సరం నవంబరు 8న ఏ.ఆర్. రహమాన్ కచేరీ రామోజీ ఫిల్మ్ సిటీలోనే జరిగాయి. విజయవాడ రహదారి మీద ఎల్‌బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి వెళ్ళాలి. నగరం నలుమూలల నుండి వచ్చేవారు మన చౌరస్తా మీదుగానే పోతారు. ఎల్‌బీ నగర్ పిల్లలకు అది ‘మన ఇంటి పక్క’ అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అక్కడే మోసపోయేది కూడా. మియాపూర్ నుండి వచ్చే మెట్రో ఎల్‌బీ నగర్‌లో ఆగిపోతుంది. అక్కడి నుండి ఇంకా ఇరవై కిలోమీటర్లకు పైగా ఉన్నది. వెళ్ళేటపుడు ఆర్టీసీ బస్సు దొరుకుతుంది. వేల మంది ఒకేసారి బయటపడే రాత్రి వేళ తిరిగి రావడమే అసలు ఖర్చు.

ఒక అంచనా వేద్దాం. టికెట్టు నాలుగు వేలు అనుకోండి. కచేరీ టికెట్టు 500 రూపాయలు దాటితే దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అంటే 720. బుకింగ్ రుసుము ఒక రెండు వందలు. రాత్రి క్యాబ్ నలుగురు పంచుకున్నా తలకు నాలుగైదు వందలకు తక్కువ కాదు. బయటి తిండి, నీళ్ళ సీసా లోపలికి రానివ్వరు కనుక తిండికి మరో ఐదు వందలు. ఇక చొక్కా లేకుండా తిరిగి వస్తే వెళ్ళినట్టే కాదన్న భావన. అది మరొక పదిహేను వందలు. నాలుగు వేల టికెట్టు ఏడు వేలు దాటింది. దిల్‌సుఖ్‌నగర్‌లో జిల్లాల నుండి వచ్చి చదువుకునే పిల్లలు ఒక నెల హాస్టల్ గదికి, మూడు పూటల భోజనానికి కట్టే సొమ్ము కంటే ఇది ఎక్కువ. ఆ కుటుంబపు దుకాణంలో ఏడు వేల రూపాయలు రావాలంటే, పుట ఒక్క రూపాయికి జిరాక్స్ తీస్తే, కాగితం, సిరా, కరెంటు ఖర్చులు తీసివేయకముందే ఏడు వేల పుటలు తీయాలి.

(ఎడ్ షీరన్ ఇక్కడ పాడి వెళ్ళిన వారం రోజులకు బెంగళూరు వేదిక మీద గాయని శిల్పా రావుతో కలిసి దేవర సినిమాలోని తెలుగు పాట అందుకున్నారు. ఇక్కడ వేలు పోసినవారికి ఆ ముచ్చట ఫోనులోనే దక్కింది.)

డబ్బు పెట్టినా లోపలికి వెళ్తామన్న నమ్మకం కూడా లేదు. 2023 సెప్టెంబరు 10న చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులో జరిగిన రహమాన్ కచేరీలో టికెట్టు ఉన్నవారే వందలాదిగా ద్వారం బయట ఇరుక్కుపోయారు. పిల్లలు తప్పిపోయారు. తొక్కిసలాటలో తమతో అసభ్యంగా ప్రవర్తించారని స్త్రీలు వాపోయారు. లోపలికి పోలేకపోయినవారు టికెట్టు ప్రతులను పంపవలసిందిగా రహమాన్ స్వయంగా కోరవలసి వచ్చింది. టికెట్టు సొమ్ము తిరిగి వచ్చినా ప్రయాణం, హోటలు, ఆ రాత్రి భయం ఎవరు తిరిగి ఇస్తారు?

2024 జనవరిలో తమిళనాడులోని కరూరు జిల్లాకు చెందిన ముగ్గురు బాలికలు ఇల్లు విడిచి వెళ్ళారు. ముగ్గురికీ పదమూడేళ్ళు. బీటీఎస్ బృందాన్ని చూడటానికి కొరియా వెళ్ళాలన్నది వారి ఆలోచన. ముగ్గురూ కూడబెట్టుకున్నది 14,000 రూపాయలు. ఆ డబ్బుతో మన విశాఖపట్నం చేరుకుని, అక్కడ ఓడ ఎక్కితే కొరియా వస్తుందని లెక్క వేసుకున్నారు. చెన్నై దాకా వెళ్ళి, ఒక రాత్రి గడిపి, ధైర్యం చాలక తిరుగు ప్రయాణమై, కాట్పాడి స్టేషనులో తినడానికి దిగి రైలు తప్పిపోయారు. పోలీసులు వారిని కాపాడి తల్లిదండ్రులకు అప్పగించారు. ఈ వార్త చదివి చాలామంది నవ్వారు. ఆ పద్నాలుగు వేలు నన్ను నవ్వనివ్వలేదు. పల్లెటూరి పిల్లలు అంత సొమ్ము కూడబెట్టడానికి ఎన్ని నెలలు ఎన్నిటిని వదులుకుని ఉంటారు! ఓపిక, పొదుపు, రహస్యం కాపాడుకోవడం, ముగ్గురూ ఒకరినొకరు విడవకపోవడం, ఇవన్నీ ఆ పిల్లలలో ఉన్నాయి. విశాఖ నుండి కొరియాకు పద్నాలుగు వేలతో ఓడ ఉండదని చెప్పగల పెద్దవారు ఒక్కరు వారికి దొరకలేదు. అడిగితే తిడతారని అడగలేదు, అంతే.

కొత్తపేట అల్మారాలో దుప్పట్ల వెనుక దాగినది కూడా ఈ అడగలేకపోవడమే. ఆ అమ్మాయికి తండ్రి నెల ఆదాయం ఎంతో తెలియదని నేను పందెం కాయకుండానే చెప్పగలను. మన ఇండ్లలో అబ్బాజాన్ సంపాదన పిల్లలకు చెప్పడం అమర్యాద. వారికి దిగులు కలగకూడదని ప్రేమతోనే దాస్తాం. దాని ఫలితంగా రెండు వేలు ఎక్కువో తక్కువో తేల్చుకునే కొలత పిల్లల చేతిలో ఉండదు. వారి దగ్గర ఉన్న కొలత ఒకటే: వాట్సాప్ గుంపులో మిగిలిన పిల్లలు ఎన్ని కొన్నారు.

ఆ గుంపును తేలికగా తీసుకోకండి. కంపెనీలు అమ్మేది ఆ చెలిమినే. కాలేజీలో మాట కలిపే స్నేహితురాలు లేని పిల్లకు, అదే పాట నచ్చిన నలభై మంది రాత్రి పదకొండు గంటలకు ‘తిన్నావా’ అని అడుగుతారు. దానికి ప్రవేశ రుసుము ఎవరూ పెట్టలేదు గాని, పెట్టె లేని పిల్ల అక్కడ మెల్లగా మూగబోతుంది. ఈ సంగతి అభిమానులకే ముందుగా తెలిసినది. ఇండోనేషియాకు చెందిన నూరుల్ సరీఫా అనే యువతి కొరియాలోని మరొక అభిమానితో కలిసి 2021లో ‘కేపాప్ ఫర్ ప్లానెట్’ అనే ఉద్యమం ప్రారంభించింది. ఒక్క కార్డు కోసం పదుల సంఖ్యలో ఆల్బమ్‌లు కొనిపించి, మిగిలిన ప్లాస్టిక్‌ను చెత్తకుప్పకు పంపే పద్ధతిని మార్చమని కంపెనీలను నిలదీస్తున్నవారు ఆ అభిమానులే. కొత్తపేట అమ్మాయికి ఆమె గురించి చెప్పండి. అభిమానం ఉన్నంత మాత్రాన కొనుగోలు తప్పనిసరి కాదని తల్లి కంటే మరొక అభిమాని చెబితే వింటుంది.

ఈ నగరానికి వినడం కొత్త కాదు. దర్గాల ఆవరణలలో ఖవ్వాలీ మహఫిళ్ళు తరాలుగా సాగాయి. హైదరాబాదు ఖవ్వాలు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ 1971లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ మహఫిళ్ళ పట్ల మన పాఠకులందరికీ ఒకే అభిప్రాయం లేదని ఎరుగుదును. నేను చెప్పదలచినది అక్కడి ఏర్పాటు గురించి మాత్రమే. ఉన్నవాడు నజరానా ఇచ్చేవాడు, లేనివాడు కూర్చుని వినేవాడు. ఇద్దరి తివాచీ ఒకటే. ఇప్పటి మైదానంలో ముందు నిలబడేవారికి ఒక ధర, వెనుక నిలబడేవారికి ఒక ధర, మధ్యలో ఇనుప కంచె.

ఆ సోదరికి నా సమాధానం ఇది. మొదట అప్పు తీర్చండి. అది కుమారుడి పేరు మీద ఉన్నది. గడువు దాటితే దాని మీద పడేది ఆలస్య రుసుము అన్నా, మరేమన్నా, మన ఇండ్లలో దాని పేరు వడ్డీయే. రేపు ఉద్యోగం వచ్చి ఇంటి స్థలానికో వాహనానికో వెళ్ళినపుడు ఈ ఆరు వేల చరిత్ర అతని వెంట వస్తుంది. డిజిటల్ అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అప్పు వివరాలన్నీ ఒక పత్రంలో ముందుగా చూపాలి. తొలి రోజులలో కొంత గడువులోపు అసలును, అన్ని రోజుల ఖర్చును చెల్లించి, జరిమానా లేకుండా బయటపడే వీలు కల్పించాలి. ఆ పత్రాన్ని ఫోనులో తెరిపించి అన్నాచెల్లెళ్ళిద్దరి చేతా బిగ్గరగా చదివించండి.

పెట్టెలను చింపవద్దు, తగలబెట్టవద్దు. అవి పది వేల రూపాయల సొత్తు. పైగా ఆ అమ్మాయి కళ్ళ ముందు వాటిని నాశనం చేస్తే తరువాతి పెట్టెలు మీకు దొరకని చోట ఉంటాయి. ఒకటి ఉంచుకుని నాలుగింటిని ఆమే అమ్మాలి, అదే గుంపులలో అమ్ముడవుతాయి. విప్పినవి కనుక సగం ధరే రావచ్చు. ఆ సగం ఎటు పోయిందో ఆమెకు అప్పుడు అర్థమవుతుంది. వచ్చిన సొమ్ము అన్నగారి అప్పుకు జమ. మిగిలినది ఆమె ఈదీ నుండి నెలకు కొంత.

ఆ తరువాత ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తరువాత ఆమె తండ్రి దుకాణం లెక్కల పుస్తకం తెచ్చి దస్తర్‌ఖాన్ మీద పెట్టాలి. అద్దె, కరెంటు, కాగితం, కాలేజీ ఫీజు, నానీ మందులు, అన్నీ. ఇది కష్టమైన పని. చాలామంది తండ్రులకు ఇది ఓటమి ఒప్పుకున్నట్లు ఉంటుంది. పిల్లలు ఏడుస్తారని భయపడతారు. నేను చూసినంతలో పిల్లలు ఏడవరు, కూడికలు సరిచూస్తారు. ఆ పుస్తకంలో పెద్దల ఇస్రాఫ్ కూడా కనబడనివ్వాలి. మొన్న బంధువుల పెళ్ళిలో మర్ఫాకు, డీజేకు, డ్రోన్ కెమెరాకు మన వాటా ఎంత? ఉప్పల్ మైదానంలో ఐపీఎల్ ఆటకు మామయ్యలందరూ కలిసి వెళ్ళినపుడు టికెట్లకు, నారింజ రంగు జెర్సీలకు ఎంత? వాటిని దాచి ఆల్బమ్‌లను మాత్రమే తప్పుపడితే ఆ లెక్క చెల్లదు, పిల్లలు అది వెంటనే కనిపెడతారు.

కచేరీ మాట మిగిలింది. ఇంట్లో కూర్చుని చూడరాదా అనడం సులభం. 2025 జనవరి 26న అహ్మదాబాదు కోల్డ్‌ప్లే కచేరీని హాట్‌స్టార్ ప్రత్యక్షంగా చూపినపుడు నలుగురైదుగురు స్నేహితులు ఒక గదిలో చేరి చూసిన ఇండ్లు ఉన్నాయి. కాని స్నేహితులందరూ వెళ్తున్న రాత్రి ఒక్కడిని టీవీ ముందు కూర్చోబెడితే అది వినోదం కాదు, శిక్ష. కుమారుడికి ఇరవై ఏళ్ళు ఉంటాయి. అతడిని చేతులు కట్టి ఆపలేరు. కచేరీకి వెళ్ళడం తగునా కాదా అన్నది అతడు తన తండ్రితో, తన అంతరాత్మతో తేల్చుకోవాలి. డబ్బు విషయంలో మాత్రం షరతులు పెట్టే హక్కు మీకున్నది. అప్పుతో వెళ్ళకూడదు. చెల్లెలి ఈదీతో వెళ్ళకూడదు. సెలవులలో దుకాణంలో కూర్చున్నందుకు తండ్రి అతనికి రోజుకు ఇంతని కట్టి ఇవ్వాలి, ఆ సొమ్ములో నుండే పై ఏడు వేలు రావాలి. టికెట్టు అధికారికంగా అమ్మే చోటనే కొనాలి. స్నేహితుడి స్నేహితుడి దగ్గర ఉన్న ఫోను ఫొటోను టికెట్టు అనుకోకూడదు.

తిరిగి వచ్చే దారి ముందే తేల్చుకోమనండి. కచేరీ ముగిసి, జనం కదిలి, ఎల్‌బీ నగర్ చేరేసరికి చివరి మెట్రో వెళ్ళిపోయి ఉంటుంది. కొత్తపేట అక్కడికి దగ్గరే కనుక ఆటో దొరుకుతుంది. మలక్‌పేట, చాదర్‌ఘాట్ వెళ్ళవలసిన స్నేహితులు ఉంటే ఆ రాత్రికి వారిని మీ ఇంటికే తీసుకురమ్మనండి. నాలుగు పరుపులు వేయవలసి వస్తుంది, ఉదయం నలుగురికి అదనంగా టీ పెట్టవలసి వస్తుంది.